నూట డెబ్భై మూడో పీకుడు

కనకారావు బొటనవేలు కాయ కాసింది.

రుషికొండ మీద, మూడో అంతస్తులో,
ఏసీ చలికి మఫ్లర్ చుట్టుకుని
నడుస్తున్న మిషన్లోంచి డిస్కు పీకుతాడు,
నాలుగు లెక్కపెట్టి మళ్ళీ తోస్తాడు.
పీకడం, తోయడం.
కాగితం మీద ఐదేసి గీతల కట్టలు.

నూట డెబ్భై రెండుసార్లు ఏమీ కాలేదు.
నూట డెబ్భై మూడోసారి
తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు
పైనుంచి కిందికి కారిపోయాయి.
"మేడమ్, మళ్ళీ పడిపోనాది," అన్నాడు మెల్లగా,
తనే తోసేసినట్టు.

మర్నాడు తొంభైలోపే పడింది.
ఆ మర్నాడు పడనే లేదు.
అడుగడుక్కీ ప్రింట్లు పెట్టి కాచుక్కూర్చుంటే
ఆ ప్రింట్ల ఆలస్యం చాటునే దాక్కుంది.
వెతికేవాళ్ళ చెప్పుల చప్పుడు వినే తప్పు ఇది.

"సర్వరు ఆపి డిస్కు మార్చుకోమందాం," అన్నాడు మేనేజరు.
ఆపకుండా మార్చుకోవచ్చని అమ్మింది మనమే కదండీ.

రాత్రి, పెదవాల్తేరు గదిలో, నా కోడు నేనే చదువుకున్నాను.

డిస్కు పోయిందని కబురు అందగానే
నా డ్రైవరు బుద్ధిగా ఇల్లు ఖాళీ చేస్తుంది:
వరసలో ఉన్నవాళ్ళని వెనక్కి పంపుతుంది,
గుమ్మం మీద పేరు చెరిపేస్తుంది,
టైమరుకి ఇక రావొద్దని కబురు పెడుతుంది,
మెమరీని తిరిగి అప్పగించేస్తుంది.
కాని ఆ టైమరు అప్పటికే
పక్క కోరు మీద గడప దిగి ఉంటుంది.
పాత చిరునామాకే వచ్చి తలుపు తోస్తుంది.
చాలాసార్లు ఇల్లు ఇంకా ఖాళీయే, ఏమీ కాదు.
ఒక్కోసారి లోపల వేరేవాళ్ళు దిగి ఉంటారు,
వాళ్ళ అన్నంకుండలో చెయ్యి పెట్టేస్తుంది.

ఈ లైను రాసిందెవరని చరిత్ర తవ్వాను.
నాలుగేళ్ళ కిందట, ఆదివారం,
రాత్రి ఒంటిగంటా నలభై.
నా పేరు.
పక్కనే నా చేతి రాత: "ఇప్పటికి చాలు."

నిద్ర పట్టలేదు. తెల్లారకట్ల స్కూటీ తీసి
ఫిషింగ్ హార్బరుకి పోయాను.
జెట్టీ మీద ఐసునీళ్ళు, డీజిలు వాసన,
కోనాం ధర మీద ఇద్దరాడవాళ్ళ గొడవ.
ఒక బోటు వేటకి కదలబోతోంది.
తాడు విప్పాల్సిన కుర్రాడు ముడి మీద చెయ్యేసి
లోపలికి కేకేశాడు: "గట్టోలు ఇంకెవులైనా ఉన్నారేటి?"
జవాబు లేదు. విప్పలేదు.
మళ్ళీ కేకేశాడు.
ఐసు కొట్లోంచి ఒకాయన, గోనె దులుపుకుంటూ,
"ఉన్నాన్రా, ఆగు," అని తిట్టుకుంటూ గట్టెక్కాడు.
అప్పుడు విప్పాడు.
నేను చేపలు కొనకుండానే వచ్చేశాను.

రావొద్దని చెప్పడం వేరు,
వచ్చినవాడు వెళ్ళేదాకా నిలబడడం వేరు.
రెండింటికీ వేరు వేరు ఫంక్షన్లున్నాయి.
ఆ రాత్రి నేను పొట్టిగా ఉన్నది వాడాను.

మార్చాను. ఈసారి మిషను పడలేదు,
కదల్లేదు కూడా.
తాళం చేత్తో పట్టుకుని వాడి కోసం చూస్తున్నాను,
వాడు ఆ తాళం కోసమే బయట నిలుచున్నాడు.
ముందు తాళం వదిలి, తరవాత ఆగాలి.
మొత్తం మూడు లైన్లు.
అందులో ఒకటి ఉన్నదే, ఆరు లైన్లు పైకి జరిగింది.

శుక్రవారం సాయంత్రం. కిటికీలో సముద్రం బూడిద రంగు.
నూట డెబ్భై మూడు దాటింది.
మేమిద్దరం దాని గురించి ఏమీ అనుకోలేదు.
మూడొందల దగ్గర టీ తాగాం.

నాలుగొందల పన్నెండో డిస్కు పీకి
నా అరచేతిలో పెట్టాడు కనకారావు.
"పట్టుకోండి మేడమ్, ఇంకా తిరుగుతున్నాది."
కరెంటు తెగింది దానికి, తెలిసినట్టు లేదు.
పక్కకి వంచబోతే మొండికేసి
బతికున్న కానాగంతలా ఎదురు తిప్పింది.
గోరువెచ్చగా ఉంది.
దాని లోపలి రొద సన్నబడి, సన్నబడి,
ఇక రాలేదు.

"వెయ్యి అన్నారు కదా," అని
దాన్ని నా చేతిలోంచి తీసుకుని,
గీత గీసి,
ఎడమచేత్తో తోశాడు.